పిడుగుకు భయపడి సన్యాసి.. పుణ్యకార్యాలతో రక్షణ రాదని తేల్చేసిన మార్టిన్ లూథర్ కథ ఇదీ

1505 జూలై 2. జర్మనీలోని ఎర్‌ఫర్ట్ దగ్గర, స్టోటర్న్‌హైమ్ అనే ఊరి పక్క నుంచి ఓ లా స్టూడెంట్ వెళ్తున్నాడు. ఒక్కసారిగా గాలివాన.. దగ్గర్లోనే పిడుగు పడింది. ప్రాణం పోతుందని వణికిపోయిన ఆ కుర్రాడు, బతికి బయటపడితే సన్యాసినవుతానని సెయింట్ ఆన్‌కు మొక్కేసుకున్నాడు. దాదాపు రెండు వారాలకే మఠంలో చేరిపోయాడు కూడా. కొడుకును లాయర్‌గా చూడాలనుకున్న తండ్రి హాన్స్‌కు కోపం ఆగలేదు.

ఆ కుర్రాడే మార్టిన్ లూథర్. అమెరికా పౌరహక్కుల నేత మార్టిన్ లూథర్ కింగ్ వేరు. 1934లో జర్మనీ వెళ్లొచ్చాక కింగ్ తండ్రి ఈ లూథర్ పేరునే తనకూ, కొడుక్కూ పెట్టుకున్నారు.

మఠంలో లూథర్ దేనికీ తగ్గలేదు. ఉపవాసాలు, రాత్రి జాగారాలు, ఎముకలు కొరికే చలి.. అన్నీ భరించారు. గురువు స్టౌపిట్జ్ దగ్గర గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవారు. అయినా మనసు కుదుటపడలేదు. ఎంత చేస్తే చాలు? దేవుడి లెక్కలో ఇంకా ఎంత బాకీ ఉంది? ఇదే ఆయన్ని తినేసిన ప్రశ్న. మొక్కులు, వ్రతాలు ఎరిగిన మనకు ఈ బెంగ కొత్తేమీ కాదు.

1512లో విట్టెన్‌బర్గ్ యూనివర్సిటీలో బైబిల్ ప్రొఫెసర్ అయ్యారు. పౌలు రోమీయులకు రాసిన పత్రికను పాఠంగా చెబుతూ, మళ్లీ మళ్లీ చదువుతూ ఉండగా అర్థం తిరగబడింది. దేవుడి నీతి అంటే మనిషిని శిక్షించే కొలబద్ద అని అప్పటిదాకా అనుకున్నారు. కాదు, అది నమ్మినవాడికి దేవుడు ఉచితంగా ఇచ్చేదని తెలుసుకున్నారు. అంటే రక్షణ సంపాదించుకునేది కాదు, కృపగా అందుకునేది. ఈ మలుపు సరిగ్గా ఏ ఏడాది వచ్చిందన్నదానిపై చరిత్రకారుల వాదన ఇంకా తెగలేదు.

అదే టైమ్‌లో టెట్జెల్ అనే మతాధికారి పాపక్షమాపణ పత్రాలు అమ్ముతూ తిరుగుతున్నాడు. డబ్బు కడితే చనిపోయినవాళ్లకు కూడా శిక్ష తగ్గుతుందట! వసూళ్లలో సగం రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి, మిగతా సగం ఆర్చిబిషప్ ఆల్‌బ్రెక్ట్ చేసిన అప్పు తీర్చడానికి. విట్టెన్‌బర్గ్ జనం సరిహద్దు దాటి మరీ కొనుక్కొచ్చారు. దీనిపై లూథర్ 1517 అక్టోబర్ 31న 95 అంశాలతో ఆర్చిబిషప్‌కు లేఖ పంపారు. చర్చి తలుపుకు మేకులతో కొట్టారన్న సీన్ మాత్రం నిజంగా జరిగిందో లేదో డౌటే.

అయితే అసలు మాట 95 అంశాల్లో కాదు, 1520లో రాసిన చిన్న పుస్తకంలో ఉంది. పేరు ‘క్రైస్తవుని స్వేచ్ఛ’. అందులో ఆయన వాదన సింపుల్. విశ్వాసం ఉన్న మనిషి దేవుడి మెప్పు కోసం పనులు చేయక్కర్లేదు. అలాగని చేతులు కట్టుకుని కూర్చోడు. తన రక్షణ గురించి దిగులు తీరిపోయింది కాబట్టి, ఇప్పుడు పొరుగువాడి కోసం లాభం చూసుకోకుండా పని చేయగలడు. మంచి పనులు కృపకు చెల్లించే ధర కాదు, దాని ఫలితం. విశ్వాసం చాలంటే ఇక ఏం చేసినా ఫర్వాలేదనే కదా అని నాడు ఎదురు ప్రశ్నించినవాళ్లకు ఇదే జవాబు.

అదే ఏడాది డిసెంబర్ 10న పోప్ హెచ్చరిక పత్రాన్ని మంటల్లో వేశారు. 1521 జనవరిలో వెలి పడింది. ఏప్రిల్‌లో వర్మ్స్ సభలో చక్రవర్తి ముందు రాతలు వెనక్కి తీసుకోనన్నారు. వార్ట్‌బర్గ్ కోటలో దాక్కుని, కొన్ని వారాల్లోనే కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చారు.

కానీ 1525లో రైతులు క్రీస్తు తమనూ విడిపించాడంటూ వెట్టి నుంచి విముక్తి కోరితే, ఆ స్వేచ్ఛ ఆత్మకే గానీ ఒంటికి కాదన్నారు లూథర్. తిరుగుబాటును అణచేయమని రాజులకు రాశారు. చనిపోయినవాళ్లు లక్ష దాకా ఉంటారని అంచనా. 1543లో యూదులపై రాసిన ద్వేషపు పుస్తకాన్ని తర్వాత నాజీలు వాడుకున్నారు. కృప గురించి అంత రాసిన మనిషి ఇలా రాయడం మింగుడుపడని విషయమే.

1546 ఫిబ్రవరి 18న, తాను పుట్టిన ఐస్లేబెన్‌లోనే కన్నుమూశారు. ఆయన పేరుతో నడిచే సంఘాల నుంచే 1842లో హేయర్ అనే మిషనరీ గుంటూరు వచ్చారు. ఇక రోమ్‌తో గొడవ? 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కేథలిక్కులు, లూథరన్లు కలిసి సంతకాలు చేశారు. మనిషి నీతిమంతుడయ్యేది దేవుడి కృపతోనే అన్న మూల విషయంలో ఇద్దరిదీ ఒకే మాట అని.