తంత్రులను శ్రుతిచేసిన మంత్రి: బయకార రామామాత్యుడు

గుంటూరునుండి చిలకలూరిపేటకు పోవు త్రోవలో పడమటి దిక్కున కొండవీటి కొండలు కనబడును. చుట్టును నల్లరేగడి నేల, ప్రత్తిచేలు, మిరపతోటలు. కొండవీటి పేరు వినగానే మనకు రెడ్డిరాజులును శ్రీనాథుడును జ్ఞప్తికి వత్తురు. రెడ్డిరాజ్యము అంతరించిన పిమ్మట, 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఆ దుర్గమును గెలిచెను. నాటినుండి ఆ సీమ విజయనగర ప్రతినిధుల ఏలుబడిలోనికి వచ్చెను. సదాశివరాయల కాలమున దానిని పాలించిన బయకార రామప్ప, సంగీతలోకము నేటికిని స్మరించు రామామాత్యుడే యని చరిత్రకారులు గుర్తించిరి. శిస్తులెక్కలు చూడవలసిన ఆ అమాత్యుడు వీణమీది మెట్లను లెక్కించి శాస్త్రము వ్రాసెను.

ఇతని తండ్రి తిమ్మామాత్యుడు. శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరమునకు కళానిధి యను వ్యాఖ్య రచించిన చతుర కల్లినాథుడు ఇతనికి తాత. బయకార శబ్దము వాగ్గేయకార శబ్దమునకు వికృతి. మాటను, పాటను రెంటిని కూర్చగలవానికే ఆ బిరుదు చెల్లును. ఏలలు మొదలగు ప్రబంధములు పెక్కింటిని రచించి, రామామాత్యుడు అభినవ భరతాచార్యుడని పేరొందెను. ఆ ప్రబంధములు నేడు వాడుకలో లేవు. అతని కీర్తిని నిలిపినది స్వరమేళకళానిధి యను సంస్కృత లక్షణగ్రంథ మొక్కటియే. శాలివాహన శకము 1472, సాధారణ నామ సంవత్సరమున, అనగా 1550లో, అది పూర్తియయ్యెను. తాతగారి వ్యాఖ్యపేరు మనుమని గ్రంథనామమునందును వినబడుచున్నది.

ఆ గ్రంథమేల అవసరమయ్యెను? పదుమూడవ శతాబ్దమునాటి రత్నాకరము ఏడు శుద్ధస్వరములను, పండ్రెండు వికృతస్వరములను చెప్పినది. మూడు శతాబ్దములు గడచునప్పటికి గాయకుని కంఠము ఒకటి పలుకుచుండ, పండితుని పుస్తకము వేరొకటి చెప్పుచుండెను. లక్ష్యమునకును లక్షణమునకును ఏర్పడిన ఈ విరోధమును తీర్పవలెనని అళియ రామరాయల కొలువున సంకల్పము కలిగినది. రాయల తమ్ముడు వేంకటాద్రి ఈ కార్యమునకు రామామాత్యుడే తగినవాడని సూచించెననియు, రాయలు ఆజ్ఞాపించెననియు గ్రంథావతారికవలన తెలియుచున్నది.

ఇట్టి వివాదమున పండితుడు సాధారణముగా పూర్వగ్రంథమును సాక్షిగా పిలుచును. రామామాత్యుడు శార్ఙ్గదేవుని గౌరవించుచునే, వీణను సాక్షిగా పిలిచెను. గ్రంథమునందలి ఐదు ప్రకరణములలో ఒకటి పూర్తిగా వీణకే వినియోగించెను.

వీణకు నాలుగు ముఖ్యతంత్రులు. ప్రక్కన శ్రుతికై మూడు. నాలుగింటిని ఏయే స్వరములకు బిగింపవలెను? దీనికి అతడు మూడు మార్గములు చూపెను. మంద్రమునకు క్రిందిస్థాయిని అనుమంద్ర మందురు. శుద్ధమేళ వీణలో తంత్రులు వరుసగా అనుమంద్ర షడ్జము, అనుమంద్ర పంచమము, మంద్ర షడ్జము, మంద్ర మధ్యమము పలుకును. ఆ నాల్గవ తంత్రిని మధ్యమమునకు మారుగా పంచమమునకు బిగించినచో అది అచ్యుతరాజేంద్ర మేళ వీణ. 1529నుండి 1542వరకు ఏలిన అచ్యుతదేవరాయల పేరు ఇట్లు ఒక తంత్రి బిగింపునందు నిలిచినది. మూడవది మధ్యమేళ వీణ. అందు అనుమంద్ర పంచమము, మంద్ర షడ్జము, మంద్ర పంచమము, మధ్య షడ్జము.

వీణ నేర్చు విద్యార్థులు ఈ చివరి వరుసను తిరుగవేసి చదువుదురుగాక. సారణి షడ్జము, దాని క్రింద పంచమము, మంద్రము, అనుమంద్రము! నేడు మన యిండ్లలోని సరస్వతీవీణకు గల శ్రుతి ఇదియే. సారణి, పంచమ తంత్రులను ఉక్కుతీగతోను, క్రింది రెంటిని మందమైన ఇత్తడితీగతోను కట్టుట సంప్రదాయము. తీగ సన్నమైనకొలది, బిగువు హెచ్చినకొలది స్వరము పైకి పోవును. మితిమీరి బిగించిన తీగ తెగును. మిక్కిలి వదులైనది నాదము నీయక గిలగిలలాడును. కావున తంత్రికి తగిన స్వరమును, స్వరమునకు తగిన తంత్రిని ఎన్నుకొనుట వైణికునికి మొదటి పాఠము.

ఇక మెట్లసంగతి. శుద్ధమేళ వీణలో రెండవదగు పంచమతంత్రిని ఐదవ మెట్టుపై నొక్కిన మంద్ర షడ్జము వచ్చును. మూడవ తంత్రి నొక్కకయే పలుకు స్వరమదియే. ఆ మూడవ తంత్రిని అదే మెట్టుపై నొక్కిన మధ్యమము వచ్చును. అది నాల్గవ తంత్రి స్వరము. ఒక తంత్రి మాటకు మరియొక తంత్రి సాక్ష్యము చెప్పుచున్నది. ఇట్లు తంత్రులు తమంతట తామే నిరూపించు స్వరములను అతడు స్వయంభువులనెను. మనుష్యుని ఊహతో వానికి పనిలేదు.

అంతర గాంధారమునకు, కాకలి నిషాదమునకు వేరు మెట్లు పెట్టినచో అవి ప్రక్క మెట్లకు మిక్కిలి దగ్గరయై వాదనమునకు అడ్డమగును. కావున చ్యుతమధ్యమ గాంధారము, చ్యుతషడ్జ నిషాదము వానికి ప్రతినిధులుగా చాలునని అతడు నిర్ణయించెను. పండ్రెండు వికృతస్వరములు ఏడైనవి. ఇరువది మేళములను చెప్పి, ఈ ప్రతినిధిన్యాయముచేత అవి పదునైదుగా తగ్గగలవని చూపెను. ఒక్కొక్క రాగమునకు మెట్లను జరుపు ఏకరాగమేళ వీణయే కాక, అన్ని రాగములకు స్థిరమైన మెట్లుగల సర్వరాగమేళ వీణను గూడ వివరించెను. తరువాతి కాలము రెండవదానినే వరించినది.

అతని నిర్ణయములు నిర్వివాదములు కావు. పదునేడవ శతాబ్దమున తంజావూరిలో చతుర్దండీప్రకాశిక రచించిన వేంకటమఖి, మేళముల విషయమున రామామాత్యుని కఠినముగా ఖండించి, డెబ్బదిరెండు మేళముల ప్రస్తారమును నిలిపెను. ఐనను ఆ మహాపండితుడును వీణకు వచ్చుసరికి శుద్ధమేళము, మధ్యమేళము అను పేర్లనే గ్రహించెను. అచ్యుతరాజేంద్రుని స్థానమున తన కాలపు రఘునాథేంద్రుని నిలిపెను. ఖండించినవాడును నడచినది ఆ బాటలోనే.

నాలుగు తంత్రుల వాద్యము ఏ దేశమున పుట్టినను ఈ ప్రశ్న తప్పదు. 1879లో పోర్చుగీసు వలసదారులు హవాయి ద్వీపములకు తెచ్చిన చిన్న వాద్యమునుండి యుకులేలీ పుట్టినది. మన స్వరములలో చెప్పినచో దాని తంత్రులు ప, స, గ, ద. అందలి టెనర్ రకమునకు ఆ పంచమమును షడ్జమునకు క్రింద నుంచవలెనా, గాంధారమునకు పైన నుంచవలెనా యని వాదకులు నేటికిని తర్కింతురు. క్రింద నుంచిన స్థాయి విస్తరించును. పైన నుంచిన తంత్రులన్నియు దగ్గర దగ్గరగా కలిసి మ్రోగును. ఒక తంత్రి మార్చిన వాద్యమే మారునని అచ్యుతరాజేంద్ర మేళము చెప్పిన పాఠమిదియే.

1565 జనవరిలో రక్కసి–తంగడి యుద్ధమున రామరాయలు కూలెను, విజయనగరము పాడుపడెను. గ్రంథము వ్రాయించిన సభ చెదరిపోయినది గాని గ్రంథము చెడలేదు. 1932లో అణ్ణామలై విశ్వవిద్యాలయము దానిని ఎం. ఎస్. రామస్వామి అయ్యరు పరిష్కరణముతో ప్రకటించినది. కొండవీటి కోటగోడలు నేడు చాలవరకు శిథిలములు. ఆ సీమను ఏలినవాడు వివరించిన మధ్యమేళపు శ్రుతిని మాత్రము, వీణ ముందిడుకొని కూర్చున్న ప్రతి బాలికయు పాఠమునకు ముందు దినదినము సవరించుకొనుచునే యున్నది.