పినాంగు బిడ్డ డాక్టర్ వూ లియెన్ తే

మన సంచికలో తెలుగువారి గురించి కాక ఒక చీనా వైద్యుని గురించి వ్రాస్తున్నందుకు పెద్దలు మన్నించాలి. కారణము చదివితే తెలుస్తుంది.

2020వ సంవత్సరం మార్చి 18వ తేదీన దేశమంతటా రాకపోకలు కట్టడి చేసినపుడు బంటింగ్‌లో మా సాయంత్రపు తెలుగు తరగతి కూడ మూతపడింది. మరల తెరిచినపుడు పిల్లలందరు మాస్కులతో వచ్చారు. గుణింతము చెప్పిస్తుంటే ఎవరు ఏ అక్షరము పలుకుతున్నారో మాకు తెలియలేదు. పెదవులు కనిపించవు కదా. అప్పుడు ఒక పాప, ఈ గుడ్డను అందరి చేత మొదట ఎవరు కట్టించారని అడిగింది. మాకు జవాబు రాలేదు. ఇంటికి వచ్చి పుస్తకములు వెదికితే జవాబు మన దేశములోనే, పినాంగులో దొరికింది.

వూ లియెన్ తే గారు 1879వ సంవత్సరం మార్చి 10వ తేదీన పినాంగులో పుట్టారు. తండ్రి దక్షిణ చీనాలోని తైషాన్ ప్రాంతము నుండి వచ్చిన కంసాలి. తల్లి పినాంగులోనే పుట్టిన చీనా వనిత. బడిలో ఆయన పేరు ఙో లీన్ టక్. ఇంటి పలుకుబడిని ఇంగ్లీషు అక్షరములలో పెడితే అలా అయింది. మన తాతల పేర్లు తోట రిజిస్టరులలో ఏ రూపములు దాల్చాయో ఎరిగినవారికి ఇది వింత కాదు.

పినాంగు ఫ్రీ స్కూలులో చదివి, 1896లో క్వీన్స్ స్కాలర్‌షిప్పు గెలిచి, కేంబ్రిడ్జిలోని ఇమ్మాన్యుయేల్ కాలేజీకి వెళ్ళారు. అక్కడ వైద్యము చదివిన మొదటి చీనా విద్యార్థి ఆయనే. లండన్, లివర్‌పూల్, పారిస్, జర్మనీలోని హాలె, ఇన్ని చోట్ల పని నేర్చుకుని 1903లో తిరిగి వచ్చారు. చదువు ఎంత ఉన్నా, సర్కారు వైద్యశాఖలో పై పదవులు తెల్లవారికే. కౌలాలంపూర్ వైద్య పరిశోధనాలయములో కొంత కాలము బెరిబెరి జబ్బు మీద పని చేసి, తరువాత పినాంగులో సొంత వైద్యశాల పెట్టుకున్నారు.

అక్కడ నల్లమందు మీద యుద్ధము మొదలుపెట్టారు. 1906లో ఈపోలో నల్లమందు వ్యతిరేక మహాసభ జరపడములో ముందు నిలిచారు. నల్లమందు పన్ను మీద బ్రతికే సర్కారుకు ఇది నచ్చుతుందా? ఆయన వైద్యశాలను సోదా చేసి, మందుగా ఉంచుకున్న ఒక ఔన్సు నల్లమందు ద్రావకము దొరికిందని జరిమానా వేశారు. ఆ అవమానము తరువాత చీనా ప్రభుత్వము పిలుపు అందుకుని 1908లో తియెన్‌సిన్ సైనిక వైద్య కళాశాలకు ఉపాధ్యక్షులుగా వెళ్ళారు.

మా మనసుకు తగిలిన సంగతి ఇక్కడ ఉంది. పూర్వీకుల దేశము చేరిన ఆయనకు ఆ దేశపు రాజభాష, మాండరిన్, సరిగా రాదు. దాదాపు ముప్పై ఏళ్ళ వయస్సులో, పెద్ద డాక్టరు అయి ఉండి, పిల్లవాని వలె మొదటి నుండి నేర్చుకున్నారు. పేరు కూడ వూ లియెన్ తే అని మాండరిన్ పలుకుబడికి మార్చుకున్నారు. పెద్దయిన తరువాత సాయంత్రము పూట పలక పట్టిన మాబోటివారికి ఆ కష్టము తెలుసు.

1910 చివర మంచూరియాలోని హార్బిన్ పట్టణములో జనము దగ్గి, రక్తము కక్కి, రెండు మూడు రోజులలో చనిపోసాగారు. విదేశాంగ శాఖ అధికారి ఆల్ఫ్రెడ్ సే గారు పంపగా డాక్టర్ వూ డిసెంబరు 24న అక్కడికి చేరారు. మూడు రోజులకు, సత్రము నడిపే ఒక జపాను స్త్రీ శవమును కోసి పరీక్షించి ప్లేగు క్రిములు చూశారు. శవమును కోయడము ఆనాటి చీనాలో మహాపరాధము. గుట్టుగా చేయవలసి వచ్చింది. గజ్జలలో బిళ్ళలు కట్టే ప్లేగు కాదు ఇది. ఊపిరితిత్తులకు పట్టి దగ్గుతో మనిషి నుండి మనిషికి పాకే ప్లేగు. అందుకే దూది పెట్టిన జాలిగుడ్డను అందరు ముక్కు, నోటికి కట్టుకోవాలన్నారు. శస్త్రవైద్యులు గుడ్డ కట్టుకోవడము అంతకు ముందే ఉంది. ఊరంతటి చేత కట్టించడము ఆయన పని. మెస్నీ అనే పేరుగల ఫ్రెంచి వైద్యుడు ఈ కుర్రవాని మాట లక్ష్యపెట్టక, గుడ్డ లేకుండ రోగులను చూసి, 1911 జనవరి 11న ప్లేగుతోనే మరణించారు. ఆ తరువాత కట్టనివారు లేరు.

నేల గడ్డకట్టి గుంటలు త్రవ్వలేక, రెండు వేలకు పైగా శవములు ఊరి బయట పడి ఉన్నాయి. దహనము చేయాలి. మనకు దహనము ఆచారము. వారికి పితృదేవతల మీద చేయి చేసుకున్నంత పాపము. ఆయన చక్రవర్తి అనుమతి తెప్పించి, చీనా కొత్త సంవత్సరము మరునాడు, జనవరి 31న, చితి పెట్టించారు. మార్చి 1న హార్బిన్‌లో చివరి రోగి. మంచూరియా మొత్తములో సుమారు 60,000 మంది పోయారు.

ఇప్పుడు సభ సంగతి. ఏప్రిల్ 3న ముక్డెన్ పట్టణములో (ఇప్పటి షెన్‌యాంగ్) అంతర్జాతీయ ప్లేగు మహాసభ మొదలయింది. మన ఉగాది పండుగకు ఆరు నెలల ముందు కూర్చున్నా చివరికి కుర్చీలు చాలవు. వారికి రోగము పోయిన నెల రోజులకు 11 దేశముల శాస్త్రవేత్తలు దిగారు. బస, భోజనము, ప్రయోగశాల, అనేక భాషల నడుమ అనువాదము, అన్నీ చూసుకోవాలి. చీనా నేల మీద జరిగిన మొదటి అంతర్జాతీయ శాస్త్ర సభ అది. పైకి శాస్త్రమే కాని అడుగున రాజకీయము ఉంది. ఉత్తరాన రైలు మార్గము రష్యాది, దక్షిణాన జపానుది. రోగమును అదుపు చేయడము చీనాకు చేతకాదని తేలితే మంచూరియాను మేమే చూసుకుంటామని రావడానికి ఇద్దరూ సిద్ధముగా ఉన్నారు.

జపాను నుండి కిటసాటో వచ్చారు. 1894లో హాంకాంగులో ప్లేగు క్రిమిని వెదికిన జగత్ప్రసిద్ధులు, వయస్సు 58. రష్యా నుండి జబొలోత్నీ, మనీలా నుండి అమెరికా తరఫున స్ట్రాంగ్, బొంబాయి ప్లేగు పరిశోధనలో పని చేసిన ఆంగ్లేయుడు పెట్రీ. ఇంతమంది పెద్దల నడుమ అధ్యక్షునిగా ఎన్నికయింది 32 ఏళ్ళ పినాంగు కుర్రవాడు.

ఏప్రిల్ 28 వరకు సభ సాగింది. పెద్ద చర్చ ఎలుకల మీద. ఎలుక, దాని మీది ఈగు ప్లేగును మోస్తాయని ఇండియాలో తేలింది. ఇక్కడ వేల ఎలుకలను పరీక్షించినా రోగము కనబడలేదు. తార్బగాన్ అనే కొండజంతువును చర్మము కోసము వేటాడేవారి నుండి రోగము మొదలయి, ఇరుకు సత్రములలోను, రైలు పెట్టెలలోను మనుషుల ద్వారా పాకిందని డాక్టర్ వూ వాదన. ముక్కుగుడ్డ, రోగులను వేరుగా ఉంచడము, ప్రయాణీకులను ఆపి చూడడము, ఇవి పనికివచ్చాయని సభ ఒప్పుకున్నది. సభ నివేదిక 1912లో మనీలాలో అచ్చయింది. సభకు పిలిచిన రాజవంశము మటుకు అదే సంవత్సరము కూలిపోయింది. అయినా సభ సలహా మీద ఉత్తర మంచూరియా ప్లేగు నివారణ సంస్థ ఏర్పడి, డాక్టర్ వూ దాని అధిపతి అయ్యారు. 1920-21లో అదే రోగము తిరిగి వచ్చినపుడు పోయినవారు సుమారు 9,000 మంది. మునుపటి లెక్కతో పోల్చి చూడండి.

తరువాత సంగతులు క్లుప్తముగా చెబుతాము. 1926లో హార్బిన్‌లో వైద్య కళాశాల స్థాపించారు. 1930 నుండి చీనా రేవుల క్వారంటీను శాఖను నడిపారు. మన తాతలు ఓడ దిగి పులావ్ జెరెజాక్ దీవిలో రోజులు లెక్కపెట్టింది ఇటువంటి క్వారంటీనులోనే. ఆ పని ఒడ్డు మీద నుండి ఎలా కనబడుతుందో ఆయన జీవితము చదివాకనే మాకు తెలిసింది. 1935లో నోబెల్ బహుమతికి ఆయన పేరు సూచించారు కాని రాలేదు.

1937లో జపాను సేనలు చీనా మీద పడినపుడు ఆయన మలయాకు తిరిగి వచ్చి ఈపోలో చిన్న వైద్యశాల పెట్టుకున్నారు. దేశదేశముల పెద్దలకు అధ్యక్షత వహించిన మనిషి జ్వరములకు, దగ్గులకు మందు ఇస్తూ కూర్చున్నారు. బీదల వద్ద తరచు డబ్బు తీసుకునేవారు కారు. ఆక్రమణ కాలములో, 1943లో, అడవిలోని దళములవారు ఆయనను పట్టుకుపోయి సొమ్ము తీసుకుని వదిలారు. సొమ్ము ఇచ్చినందుకు జపానువారు శిక్షించబోగా, ఆయన వైద్యము పొందిన ఒక జపాను అధికారి అడ్డుపడ్డారు.

1959లో ఆత్మకథ అచ్చయింది. 1960 జనవరి 21న, పుట్టిన పినాంగులోనే కన్ను మూశారు. పినాంగు ఫ్రీ స్కూలులో ఒక క్రీడాజట్టుకు ఆయన పేరు ఉంది. ఆ పాపకు ఇదంతా ఒక సాయంత్రము చెప్పాము. విని, ఆయనకు మాండరిన్ చివరికి బాగా వచ్చిందా అని అడిగింది. వచ్చిందని చెప్పి, గుణింతము పుస్తకము తెరిపించాము.