మూడు అంకెలో దాగిన జంప్: ఉల్రిక్ సాల్కోవ్ జీవితం

వింటర్ ఒలింపిక్స్ జరిగేటప్పుడు టీవీలో ఫిగర్ స్కేటింగ్ మీరూ, మీ పిల్లలూ చూసే ఉంటారు. మంచు మీద జారుతూ వచ్చిన అమ్మాయి ఉన్నట్టుండి గాల్లోకి లేస్తుంది, బొంగరంలా తిరుగుతుంది, ఒంటికాలి మీద హాయిగా దిగి సాగిపోతుంది. వ్యాఖ్యాత వెంటనే ట్రిపుల్ సాల్కోవ్ అంటారు. అది ఆ జంప్ పేరు. అంతకు ముందు అది ఒక మనిషి పేరు. ఒక్క జంప్ వల్ల శతాబ్దం దాటినా రోజూ ప్రపంచమంతా పలుకుతున్న ఆ పేరు స్వీడన్ క్రీడాకారుడు ఉల్రిక్ సాల్కోవ్‌ది.

కోచింగ్‌లో చేర్చిన నెలకే ఫలితం కనిపించాలని మనకు అనిపించడం సహజం. అలాంటి మనం ఒకసారి తెలుసుకోవలసిన జీవితం ఆయనది.

మూడుసార్లు రెండో స్థానం

సాల్కోవ్ 1877 ఆగస్టు 7న డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పుట్టారు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఆటగాడిగా ఎదిగారు. ఇరవై ఏళ్ల వయసులోనే, 1898లో, యూరప్ ఛాంపియన్ అయ్యారు. 1899లోనూ, 1900లోనూ ఆ పతకం ఆయనదే.

ప్రపంచ పోటీల్లో మాత్రం అదృష్టం వేరుగా ఉంది. 1897లో రెండో స్థానం. 1899లో రెండో స్థానం. 1900లో మళ్లీ రెండో స్థానమే. మూడుసార్లూ ఆయన్ని దాటి మొదట నిలిచింది ఒక్కరే, ఆస్ట్రియాకు చెందిన గుస్తావ్ హ్యూగెల్. జిల్లాలో ఫస్ట్ వచ్చి రాష్ట్రంలో మాటిమాటికీ సెకండ్ వచ్చే పిల్లల ఇళ్లలో ఆ బాధ ఎలా ఉంటుందో కొత్తగా చెప్పనక్కర్లేదు.

సాల్కోవ్ ఆట మానలేదు. 1901లో స్టాక్‌హోమ్‌లో తొలిసారి ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. అక్కడి నుంచి 1905 దాకా వరుసగా ఐదుసార్లు, మళ్లీ 1907 నుంచి 1911 దాకా ఐదుసార్లు, మొత్తం పది ప్రపంచ టైటిళ్లు గెలిచారు. పురుషుల సింగిల్స్‌లో అన్ని టైటిళ్లు గెలిచినవారు ఇప్పటికీ మరొకరు లేరు.

గీత సరిగా వస్తేనే ఆట

ఆ రోజుల్లో ఫిగర్ స్కేటింగ్ అంటే ఇప్పటిలా సంగీతమూ జంప్‌లూ మాత్రమే కాదు. ఫిగర్ అంటే ఆకారం. స్కేట్ బ్లేడుతో మంచు మీద ఆకారాలు గీయడమే ఈ ఆటకు ఆ పేరు తెచ్చింది. 8 అంకె గీయాలి. అదే గీత మీద మళ్లీ గీయాలి. తీర్పరులు మంచు మీదికి దిగి, వంగి, వలయాలు గుండ్రంగా ఉన్నాయా, గీత ఎక్కడైనా వంకర పోయిందా, రెండోసారి గీసింది మొదటిదాని మీదే పడిందా అని పరీక్షించేవారు. మొత్తం మార్కుల్లో పెద్ద భాగం దీనికే.

స్కేట్ బ్లేడు అడుగున సన్నని గాడి ఉంటుంది. దానికి అటూ ఇటూ రెండు అంచులు. కాస్త లోపలికి ఒరిగితే లోపలి అంచు మీద, బయటికి ఒరిగితే బయటి అంచు మీద జారుతాం. రెండు కాళ్లు, ముందుకీ వెనక్కీ, లోపలా బయటా లెక్కేస్తే మొత్తం ఎనిమిది రకాలు. ఎనిమిదింటి మీదా పట్టు ఉన్నవారికే ఆ ఆకారాలు వచ్చేవి. చేతిరాత దిద్దించినట్టే, ఏళ్ల తరబడి అదే అంకె దిద్దాలి. చూసేవారికి విసుగు పుట్టించే ఈ సాధనలో సాల్కోవ్‌కు గట్టి పట్టు ఉండేది.

1909లో ఒక కొత్త జంప్

సాల్కోవ్ పేరుతో ఉన్న జంప్ 1909లో మొదటిసారి వచ్చింది. అప్పటికి ఆయన వయసు ముప్ఫై దాటింది. ఏడు ప్రపంచ టైటిళ్లు, ఒక ఒలింపిక్ స్వర్ణం చేతిలో ఉన్నాయి. అంటే ఆయన జంప్ వల్ల ఛాంపియన్ కాలేదు. ఛాంపియన్ అయ్యాక, అంచుల మీద అంత పట్టు సంపాదించాక, ఆ జంప్ వచ్చింది.

అది ఎలా చేస్తారో తెలిస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. ఎడమ కాలి లోపలి అంచు మీద వెనక్కి జారుతూ ఉండాలి. గాల్లో ఉన్న కుడి కాలిని వెనకనుంచి ముందుకు చుట్టి తేవాలి. వంచిన ఎడమ మోకాలు నిటారు చేస్తూ పైకి లేవాలి. గాల్లో ఒక చుట్టు తిరిగి, కుడి కాలి బయటి అంచు మీద, వెనక్కి జారుతూనే దిగాలి. కుడి వైపు తిరిగే అలవాటు ఉన్నవారికి కాళ్లు తారుమారవుతాయి. బ్లేడు ముందు భాగంలో పళ్లలాంటి మొనలు ఉంటాయి. కొన్ని జంప్‌లలో రెండో కాలి మొనను మంచులో గుచ్చి దాని ఊతంతో లేస్తారు. ఇందులో ఆ ఊతం లేదు. ఉన్నదల్లా అంచే.

ఇందులో ఒక అందమైన సంగతి ఉంది. ఈ జంప్‌కు ముందు ఎక్కువమంది చేసే మలుపు పేరు త్రీ టర్న్. ముందుకు బయటి అంచు మీద జారుతూ, అదే కాలి మీద చటుక్కున తిరిగి, వెనక్కి లోపలి అంచు మీదికి రావడమే ఆ మలుపు. మంచు మీద దాని గీత అచ్చంగా 3 అంకెలా ఉంటుంది. పాతకాలం పరీక్షల్లో స్కేటర్లు దిద్ది దిద్ది నేర్చుకున్న ఆకారాల్లో ఈ 3 కూడా ఒకటి. ఇప్పటి జంప్ పునాది అప్పటి చేతిరాతలోనే ఉందన్నమాట.

పిల్లలు దీన్ని ఎలా నేర్చుకుంటారు?

ఒక పూర్తి చుట్టు తిరిగే జంప్‌లలో పిల్లలు మొదట నేర్చుకునేవాటిలో సాల్కోవ్ ఒకటి. అయినా మంచి కోచ్‌లు నేరుగా జంప్ మొదలుపెట్టరు. తొలి పాఠం పడటం. మోకాళ్లు వంచి పక్కకు పడి, దెబ్బ తగలకుండా లేవడం. తర్వాత అంచులు. ఆ తర్వాత త్రీ టర్న్. మలుపు తిరిగాక భుజాలు ఆపి, వెనక్కి నిలకడగా జారగలగాలి. ఆపైన సగం చుట్టు తిరిగే చిన్న జంప్. నేల మీద బూట్లతో అదే జంప్. చివరికి మంచు మీద సాల్కోవ్.

ఇక్కడ పిల్లలు చేసే పొరపాటు దాదాపు అందరిదీ ఒకటే: తొందర. మలుపు పూర్తికాకముందే కాలు విసురుతారు. భుజాలు ముందే తిరిగిపోతాయి. అంచు జారిపోతుంది. జంప్ పైకి పోకుండా పక్కకు పోతుంది. అప్పుడు ఇంకా గట్టిగా గెంతమని చెప్పడం పరిష్కారం కాదు. మలుపు తర్వాత ఒక్క క్షణం ఆగమని చెప్పాలి. ఆ క్షణంలోనే అంచు లోతుగా దిగుతుంది, పైకి లేచే బలం అక్కడే పుడుతుంది.

గాల్లోకి లేచాక చేతులు ఛాతీ దగ్గరకు ముడుస్తారు. తిరిగే వేగం పెరుగుతుంది. దిగేటప్పుడు చేతులు చాపుతారు. వేగం తగ్గుతుంది. ఇంటర్ భౌతికశాస్త్రంలో మన పిల్లలు చదివే కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ఇదే. గాల్లో ఉండేది సెకను కూడా కాదు. ఆ కాస్త సమయంలో కొత్తగా దిద్దుకోవడానికి ఏమీ ఉండదు. ఏం జరగాలో నేల విడవక ముందే నిర్ణయమైపోతుంది.

గొప్పవాడిలోని రెండు ముఖాలు

1902లో లండన్ ప్రపంచ పోటీలకు మాడ్జ్ సయర్స్ అనే ఆంగ్ల మహిళ పేరు ఇచ్చారు. మహిళలు రాకూడదని నిబంధనల్లో లేదు, వస్తారని ఎవరూ అనుకోలేదు కాబట్టి. మగవారితో పోటీ పడి ఆమె రెండో స్థానంలో నిలిచారు. మొదటి స్థానం సాల్కోవ్‌ది. ఆమె ప్రతిభకు ముగ్ధుడై ఆయన తన బంగారు పతకాన్ని ఆమెకు ఇచ్చారని చెబుతారు. మరుసటి ఏడు మహిళలను ఆ పోటీల నుంచి తప్పించారు. 1906 నుంచి వారికి వేరే పోటీ పెట్టారు. అందులో మొదటి విజేత సయర్సే.

అదే 1906లో మ్యూనిక్ పోటీకి సాల్కోవ్ వెళ్లలేదు. స్థానిక క్రీడాకారుడు గిల్బర్ట్ ఫుక్స్ వైపు తీర్పరులు మొగ్గుతారని ఆయన భయం. రెండేళ్లకు, 1908 లండన్ ఒలింపిక్స్‌లో, అదే అనుమానం రష్యా క్రీడాకారుడు నికోలాయ్ పానిన్‌కు కలిగింది. ఈసారి తీర్పరులు సాల్కోవ్ వైపు ఉన్నారని. పోటీ వేడిలో సాల్కోవ్ తన పట్ల దురుసుగా ప్రవర్తించారని కూడా చెబుతారు. పానిన్ మధ్యలోనే తప్పుకున్నారు. సాల్కోవ్ స్వర్ణం గెలిచారు. అన్యాయం జరుగుతుందేమోనని తాను భయపడిన మనిషికి, ఎదుటివాడి భయం అర్థం కాలేదు. పతకాల జాబితాలో ఈ సంగతి కనపడదు కానీ, పిల్లలకు చెప్పేటప్పుడు దాచనక్కర్లేదు.

పేరు నిలిచిన తీరు

1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో 42 ఏళ్ల వయసులో సాల్కోవ్ మళ్లీ బరిలోకి దిగారు. నాలుగో స్థానం వచ్చింది. అదే ఒలింపిక్స్‌లో అమెరికా అమ్మాయి థెరిసా వెల్డ్ సాల్కోవ్ జంప్ చేసినందుకు, అది ఆడవారికి తగదని తీర్పరులు ఆక్షేపించారు. అయినా ఆమె కాంస్యం గెలిచారు. 1936లో ఇంగ్లండ్‌కు చెందిన సెసిలియా కాలెడ్జ్ రెండు చుట్లు తిరిగారు. 1955లో రోనీ రాబర్ట్‌సన్ మూడు, 1998లో టిమోతీ గేబెల్ నాలుగు చుట్లు తిరిగారు. 2002లో జపాన్ అమ్మాయి మికీ ఆండో నాలుగు చుట్లూ తిరిగి చూపింది. ఒక చుట్టు నుంచి నాలుగు చుట్లకు చేరడానికి దాదాపు 90 ఏళ్లు పట్టింది.

సాల్కోవ్ 1925 నుంచి 1937 వరకు అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ అధ్యక్షుడిగా పనిచేశారు. 1949 ఏప్రిల్‌లో స్టాక్‌హోమ్‌లో, 71వ ఏట కన్నుమూశారు. ఆకారాలు గీసే పోటీ 1990తో అంతర్జాతీయ ఆట నుంచి తప్పుకుంది. జంప్ మిగిలింది.

మన దగ్గర మంచు లేకపోయినా ఈ జంప్ ఉంది. చక్రాల మీద చేసే ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లోనూ సాల్కోవ్ చేస్తారు. ఆ ఆటలో మన హైదరాబాద్ కుర్రాడు యమ అనూప్ కుమార్ 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చారు.

ఈ నెల ఇంట్లో

మీ బిడ్డ స్కేటింగ్, సంగీతం, చదరంగం, గణితం, ఏది నేర్చుకుంటున్నా ఈసారి కోచ్‌ని ఒక ప్రశ్న మార్చి అడిగి చూడండి. జంప్ ఎప్పుడు వస్తుందని కాకుండా, అంచు ఎలా ఉందని అడగండి. సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే ఎన్నిసార్లు గెలిచావని కాకుండా, ఈ రోజు దేన్ని మళ్లీ మళ్లీ దిద్దావని అడగండి. రెండో స్థానం వచ్చిన రోజు, మూడుసార్లు రెండో స్థానంలో నిలిచిన ఈ మనిషి కథ చెప్పండి. మొదటి స్థానం వచ్చిన రోజు పానిన్ కథ కూడా చెప్పండి.