దంతవైద్యమున తొలి పట్టభద్రురాలు: లూసీ హాబ్స్

పెద్దవారైన పిదప ఏ వృత్తిని చేపట్టుదురని మన పాఠశాలలోని బాలబాలికలను అడిగినచో, ఇంజనీరు నగుదు నని ఒకరు, కలెక్టరు నగుదు నని ఒకరు, వైద్యుడ నగుదు నని పలువురు చెప్పుదురు. దంతవైద్యమును కోరి చెప్పువారు మిక్కిలి అరుదు. వైద్య కళాశాలలో చోటు దొరకనివారు పోవు రెండవ త్రోవగా దానిని మన తలిదండ్రులలో పెక్కురు తలంచుచున్నారు. ఈ తలంపు ఎంతవరకు సరియైనదో విచారించుటకు ఒక వనిత జీవితము మనకు చక్కగా తోడ్పడును. ఆమెయు రెండవ త్రోవనే నడచినది. కాని ఆ త్రోవను రాజమార్గముగా మార్చినది. ఆమె పేరు లూసీ హాబ్స్. దంతవైద్య కళాశాలలో చదివి డాక్టరు పట్టమును పొందిన స్త్రీలలో ప్రపంచమున ఆమెయే మొదటిది.

ఆమె కథను చెప్పుటకు ముందు, ఆ కాలపు దంతవైద్య మెట్టిదో కొంత చెప్పవలసియున్నది. పూర్వము పంటినొప్పి వచ్చినవాడు మంగలియొద్దకో కమ్మరియొద్దకో పోయి, పన్ను పీకించుకొని వచ్చుట లోకమంతటను వాడుక. పళ్ళూడగొట్టుకొనుటకు ఏ రాయి యైతేనేమి అను మన సామెత ఆ కాలపు జనుల మనస్సును చక్కగా తెలుపుచున్నది. ఆ స్థితి అమెరికాలో పందొమ్మిదవ శతాబ్దమున మారనారంభించెను. 1840లో బాల్టిమోరు నగరమున దంతవైద్యమునకై ప్రత్యేకముగా ఒక కళాశాల ఏర్పడెను. 1845లో ఓహయో రాష్ట్రమునందలి సిన్సినాటీ నగరమున మరియొకటి వెలసెను. 1844లో హోరెస్ వెల్స్ అను దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడు వాయువును పీల్చి, నొప్పి తెలియకుండ తన పంటినే తీయించుకొనెను. 1846లో విలియం మోర్టన్ అను మరియొక దంతవైద్యుడు బోస్టను నగరమున ఈథరుయొక్క శక్తిని వైద్యులయెదుట ప్రదర్శించెను. శస్త్రచికిత్సలో రోగికి బాధ తెలియకుండ జేయు విద్య ఇట్లు దంతవైద్యుల మూలముననే లోకమున వ్యాపించినదని మన విద్యార్థులు గుర్తింపవలెను.

అయినను పని మిక్కిలి కష్టమైనదే. పుచ్చుపంటిని తొలుచుటకు కాలితో త్రొక్కి నడపు యంత్రము 1871లో గాని రాలేదు. అంతవరకు వైద్యుడు సన్నని ఉలులవంటి పనిముట్లతో పుచ్చిన భాగమును చేతితోనే తొలిచి, శుభ్రముచేసి, పలుచని బంగారు రేకును చిన్నచిన్న ముద్దలుగా ఆ గుంటలో కూర్చి గట్టిపరచుచుండెను. పన్ను పీకుటకు బలము చాలును. పన్ను నిలుపుటకు ఓర్పును, సూక్ష్మదృష్టియు, నిలుకడగల చేయియు కావలెను. ఈ భేదమును పాఠకులు మనస్సున నుంచుకొన గోరుచున్నాము.

లూసీ 1833వ సంవత్సరము మార్చి 14వ తేదీన న్యూయార్కు రాష్ట్రపు ఉత్తరభాగమున జన్మించెను. పదిమంది సంతానములో ఆమె యేడవది. చిన్నతనముననే తల్లి గతించెను. అట్టి యింట పుట్టిన పిల్లకు తన పొట్ట తాను పోసికొనుట యెట్లు అను ప్రశ్న పుస్తకములలోనిది కాదు. ప్రతిదినము ఎదుట నిలుచునదే. 1849లో ఫ్రాంక్లిన్ అకాడమీ అను విద్యాలయమున చదువు ముగించి, మిషిగన్ రాష్ట్రమునకు పోయి, ఉపాధ్యాయినిగా సుమారు పదియేండ్లు పనిచేసెను. ఆ కాలమున చదివిన స్త్రీకి గౌరవముగా దొరకు జీవనోపాయము బడిపంతులమ్మ పనియే.

కాని లూసీ మనస్సు అంతటితో తృప్తి చెందలేదు. మిషిగన్‌లో నున్నప్పుడే ఆమె ఒక వైద్యునియొద్ద వైద్యశాస్త్రమును చదువ మొదలిడెను. మనుష్యశరీరపు నిర్మాణమును, రోగముల కారణములను తెలిసికొనుటయందు ఆమెకు ఆసక్తి పెరిగెను. వైద్యురాలు కావలె నను నిశ్చయముతో 1859లో సిన్సినాటీ నగరమునకు పోయి, అచ్చటి యొక వైద్య కళాశాలలో చేర్చుకొనుమని వేడెను. స్త్రీ యగుటచేత ఆమెను చేర్చుకొనుటకు కళాశాల సమ్మతింపలేదు. ఆమె చదువునందు గాని నడవడియందు గాని లోపమేదియు చూపబడలేదు.

ఆ కళాశాలలో ఆచార్యుడైన చార్లెస్ క్లీవ్‌లాండ్ అను నాతడు ఆమె పట్టుదలను గుర్తించి, ఇంటివద్ద ప్రత్యేకముగా పాఠములు చెప్పుటకు అంగీకరించెను. వైద్యమునకు మారుగా దంతవైద్యమును చేపట్టినచో మేలని ఆమెకు సూచించినవాడును ఆతడే. లూసీ జీవితమున ఇది ప్రధానమైన మలుపు. కావున ఆమె ఆ సూచనను ఏల స్వీకరించెనో మేమిచ్చట కొంత విచారింప దలచితిమి.

మొదటి కారణము జీవనము. పెండ్లికాని స్త్రీ, ఆస్తి లేనిది, ఎవరిపైనను ఆధారపడకుండ బ్రతుకవలె నన్నచో చేతిలో ఒక విద్య ఉండవలెను. దంతవైద్యము ఆ కాలమున క్రొత్తగా తలయెత్తుచున్న వృత్తి. ఓహయో రాష్ట్రమున అప్పటికి పట్టము లేనివారు దంతవైద్యము చేయరాదను చట్టము లేదు. అనుభవజ్ఞునియొద్ద శిష్యరికము చేసి పని నేర్చినవారే దంతవైద్యులలో అధికసంఖ్యాకులు. అనగా కళాశాల తలుపు మూసినను, వృత్తిలోనికి పోవు కిటికీ ఒకటి తెరచియుండెను. రెండవ కారణము ఆమెకు ముందునుండియు గల వైద్యాభిరుచి. దంతవైద్యమును చేపట్టుటచే ఆమె తన కోరికను విడిచినది కాదు. దేహమంతటికి బదులు దేహములో నొక భాగమును ఎన్నుకొనినది. బాధపడువాని బాధ తీర్చుట రెండింటను సమానమే. మూడవది, ఈ పనియందు బలముకంటె నేర్పే ముఖ్యమగుట. స్త్రీకి బలము లేదని చెప్పి త్రోసివేయువారికి నేర్పుతో బదులు చెప్పుటకు ఇంతకంటె అనువైన స్థలము లేదని మాకు తోచుచున్నది.

అయినను క్రొత్త త్రోవ సుగమముగా లేకపోయెను. సిన్సినాటీ దంతవైద్య కళాశాలకు అధ్యక్షుడైన జొనాథన్ టాఫ్ట్ ఆమెను కొంతకాలము తన వైద్యశాలలో శిష్యురాలిగా ఉంచుకొని పని నేర్పెను. పిదప శామ్యూల్ వార్డిల్ అను దంతవైద్యుడు ఆమెను చేర్చుకొని, పనియంతయు దగ్గరనుండి నేర్పెను. ఒక యువతిని శిష్యురాలిగా తీసికొనుట ఆ నాటి సమాజమున చిన్న సాహసము కాదు. స్త్రీలకు ఈ వృత్తిలోనికి త్రోవ చూపిన ఘనత వార్డిల్‌దే యని లూసీ తరువాత కృతజ్ఞతతో చెప్పుకొనెను. 1861లో ఆమె దంతవైద్య కళాశాలలో చేర గోరెను. మరల అదే యుత్తరము వచ్చెను. స్త్రీలకు ప్రవేశము లేదు.

రెండు కళాశాలలు తలుపు మూసిన పిమ్మట ఎవరైనను బడికి తిరిగిపోయి, పాత పనినే చూచుకొందురు. లూసీ అట్లు చేయలేదు. వార్డిల్ సలహాపై పట్టము లేకయే అదే సంవత్సరమున సిన్సినాటీ నగరమున సొంతముగా వైద్యశాలను తెరచెను. ఇంతలో అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగెను. లూసీ పడమటి దిక్కున నున్న అయోవా రాష్ట్రమునకు పోయి, మొదట బెల్‌వ్యూ అను ఊరను, పిదప మెక్‌గ్రెగర్ అను ఊరను పనిచేసెను. పళ్ళు పీకు ఆడుమనిషి యని జనులు ఆమెను వింతగా చెప్పుకొనిరి. వింత చూడవచ్చినవారు పని చూచి, తరువాత తమ పంటినొప్పులతో వచ్చిరి. క్రమముగా ఆమెకు పేరును, తగిన రాబడియు కలిగెను.

ఆమె చేతిపని ఆ రాష్ట్రమునందలి దంతవైద్యుల దృష్టికి వచ్చెను. 1865లో అయోవా రాష్ట్ర దంతవైద్య సంఘము ఆమెను సభ్యురాలిగా చేర్చుకొనెను. దంతవైద్యులైన పురుషులు పట్టము లేని యొక స్త్రీని తమతో సమానురాలిగా ఎంచిరి. నాలుగేండ్ల క్రిందట నిరాకరించిన సిన్సినాటీ దంతవైద్య కళాశాల అదే సంవత్సరము నవంబరు నెలలో ఆమెను చేర్చుకొనెను. ఆమె పూర్వానుభవమును లెక్కలోనికి తీసికొని తుది తరగతిలోనే ప్రవేశ మిచ్చిరి. 1866వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీన లూసీ హాబ్స్ దంతవైద్యమున డాక్టరు పట్టమును పొందెను.

ఇచ్చట మరియొక స్త్రీని గూర్చియు చెప్పుట న్యాయము. పట్టము లేకున్నను, లూసీకి ముందే, 1855లో కనెక్టికట్ రాష్ట్రమున ఎమెలిన్ రాబర్ట్స్ జోన్స్ అను నామె దంతవైద్యము చేసెను. ఆమె భర్త దంతవైద్యుడు. స్త్రీల వ్రేళ్ళు ఈ పనికి పనికిరావని ఆతని నమ్మిక. ఆమె అతడు పీకివేసిన పళ్ళను రహస్యముగా తీసికొని, వానిలో గుంటలు నింపి నింపి పని నేర్చి, ఒకనాడు ఆ పళ్ళను భర్తకు చూపెను. ఆతడు పని చూచి ఒప్పుకొని, ఆమెను తనతోకూడ పనిలో చేర్చుకొనెను. ఒకామెను ఈ వృత్తికి తెచ్చినది బ్రతుకు తెరువు. మరియొకామెను తెచ్చినది కంటియెదుట జరుగుచున్న పనిపై పుట్టిన ఆసక్తి. కారణములు వేరు, శ్రమ ఒక్కటే.

లూసీ పట్టము పొందిన పిదప షికాగో నగరమునకు పోయెను. 1867లో జేమ్స్ టేలర్ అను నాతనిని వివాహమాడెను. ఆతడు యుద్ధమున పనిచేసిన సైనికుడు. లోకమున భర్త వృత్తిని భార్య నేర్చుట చూచుచున్నాము. ఇచ్చట భార్య తన వృత్తిని భర్తకు నేర్పెను. ఆతడును దంతవైద్యుడయ్యెను. అదే సంవత్సరము దంపతులు కాన్సాస్ రాష్ట్రమునందలి లారెన్సు పట్టణమున స్థిరపడి, పందొమ్మిదేండ్లు కలసి వృత్తిని సాగించిరి. స్త్రీలును పిల్లలును ముఖ్యముగా లూసీయొద్దకే వచ్చుచుండిరి. 1886లో భర్త మరణించెను. తరువాత ఆమె వృత్తిపనిని తగ్గించుకొని, స్త్రీలకు వోటుహక్కు కావలె నను ఉద్యమమునందును, ధర్మకార్యములందును పాల్గొనెను. 1910వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన లారెన్సు పట్టణముననే కన్నుమూసెను. అప్పటికి ఆమె నడచిన త్రోవన వందలకొలది అమెరికా స్త్రీలు దంతవైద్యులై యుండిరి.

ఈ కథకును మన దేశమునకును ఒక చిన్న సంబంధము కలదు. లూసీని తొలుత గౌరవించినది అయోవా రాష్ట్రము గదా! ఢాకా ప్రాంతమున పుట్టిన రఫీయుద్దీన్ అహమ్మద్ అను యువకుడు ఆ అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయముననే 1915లో దంతవైద్య పట్టమును పొందెను. స్వదేశమునకు వచ్చి, 1920లో కలకత్తా నగరమున భారతదేశమునందలి మొట్టమొదటి దంతవైద్య కళాశాలను స్థాపించెను. 1949లో దానిని ప్రభుత్వమున కప్పగించెను. దంతవైద్యులను గూర్చిన చట్టము 1948లో వచ్చెను. 1953లో మద్రాసు వైద్య కళాశాలలో దంతవైద్య శాఖయు, 1958లో బెంగుళూరున ప్రభుత్వ దంతవైద్య కళాశాలయు వెలసినవి. నేడు ఈ కళాశాలల తరగతులలో బాలికలు పెక్కుమంది కూర్చుండి చదువుచున్నారు. ఏ తలుపు నెవరు తట్టిరో వారిలో కొందరికైనను తెలిసియుండవలెనని మా కోరిక.

ఇక మన సంగతి. వృత్తిని ఎన్నుకొనువేళ తలిదండ్రులు రాబడినిగూర్చి ఆలోచించుట తప్పు కాదు. లూసీయు ఆలోచించెను. కాని రాబడి యొక్కటే చూచినవాడు ఆ పనిలో నలువది యేండ్లు నిలువలేడు. ఉదయమునుండి సాయంకాలమువరకు వంగి నిలిచి, ఇతరుల నోటిలోనికి చూచుచు, వెండ్రుకవాసి పొరపాటు రాకుండ పనిచేయుట అందరికిని సరిపడదు. ఎదుటివాని భయమును మాటతో పోగొట్టగల ఓర్పు ఉన్నదా? చిన్న పనిని శ్రద్ధగా ముగించుటయందు సంతోషము కలుగుచున్నదా? ఈ ప్రశ్నలకు ఔనని చెప్పగల పిల్లకు దంతవైద్యము రెండవ త్రోవ కాదు. అదియే మొదటి త్రోవ.

మన పిల్లలకు వేరొక బలమును కలదు. వీరు ఇంట తెలుగును, వీధిలో ఈ ప్రాంతపు భాషను, బడిలో ఇంగ్లీషును నేర్చుచున్నారు. మూడు భాషల మధ్య నలిగిపోవుచున్నారని తలిదండ్రులు దిగులు చెందుదురు. కుర్చీలో భయముతో కూర్చున్న ముసలమ్మకు ఆమె భాషలోనే ధైర్యము చెప్పగల వైద్యుని విలువ ఎంతటిదో యోచింపుడు. నేడు భారమని తోచునది రేపు చేతిపనిముట్టు కాగలదు.

విద్యార్థినీ విద్యార్థులారా! కోరిన చోటు దొరకకపోవుట మీలో కొందరికి తప్పదు. అప్పుడు లూసీ హాబ్స్‌ను స్మరింపుడు. ఆమె కోరినది ఒకటి, దొరకినది మరియొకటి. దొరకినదానిని ఆమె తక్కువగా ఎంచలేదు. దానిని చక్కగా నేర్చెను, చేసి చూపెను, మూసిన తలుపు తనంతట తెరచుకొనువరకు పని మానలేదు. మేము మీకు చెప్పదలచినది ఇంతియే.