జోసెఫ్ స్మిత్

జోసెఫ్ స్మిత్ (డిసెంబరు 23, 1805 - జూన్ 27, 1844) అమెరికాకు చెందిన మతనాయకుడు, మోర్మన్ మత స్థాపకుడు. అనుచరులు ఇతనిని ప్రవక్తగా భావిస్తారు. బాప్తిస్మము పొందకుండా మరణించినవారికి కూడా రక్షణ పొందే అవకాశం ఉన్నదన్న బోధ ఇతని సిద్ధాంతాలలో ముఖ్యమైనది.

బాల్యము

జోసెఫ్ స్మిత్ వెర్మాంట్ రాష్ట్రంలోని షారన్ గ్రామంలో ఒక పేద రైతు కుటుంబంలో జన్మించాడు. తల్లి లూసీ మాక్ స్మిత్. తండ్రి పేరు కూడా జోసెఫ్ స్మితే. పంటలు దెబ్బతినడంతో ఈ కుటుంబం న్యూయార్క్ రాష్ట్రంలోని పాల్మైరాకు వలస వెళ్ళింది. ఆ ప్రాంతంలో పలు క్రైస్తవ శాఖలు పోటీపడి ప్రచారం సాగిస్తుండేవి. ఏ శాఖ సత్యమైనదో తెలియక ప్రార్థించగా, 1820లో తనకు దైవదర్శనం కలిగినదని ఇతడు తరువాతి కాలంలో తెలిపాడు.

అన్న మరణము

1823 నవంబరులో జోసెఫ్ పెద్దన్న అల్విన్ 25 ఏళ్ళ వయసులో జబ్బుపడి మరణించాడు. అతడు బాప్తిస్మము పొందలేదు. అంత్యక్రియలలో ప్రసంగించిన మతబోధకుడు అల్విన్‌కు నరకమే గతి అన్న భావం కలిగేలా మాట్లాడాడని కుటుంబసభ్యులు తరువాత చెప్పుకున్నారు. ఉత్తముడైన అన్నకు రక్షణ లేదా అన్న ప్రశ్న జోసెఫ్‌ను చాలాకాలం వెంటాడింది.

మత స్థాపన

మొరోనై అనే దేవదూత చూపిన బంగారు రేకులు 1827లో తనకు లభించినవని, వాటిపై ఉన్న ప్రాచీన రచనను దైవశక్తితో అనువదించానని జోసెఫ్ ప్రకటించాడు. ఆ అనువాదమే 1830లో వెలువడిన మోర్మన్ గ్రంథము. మోర్మన్లు దీనిని పవిత్ర గ్రంథంగా విశ్వసిస్తారు. ఇతర చరిత్రకారులు దీనిని 19వ శతాబ్దపు రచనగానే పరిగణిస్తారు. అదే సంవత్సరం ఏప్రిల్ 6న ఇతడు సంఘాన్ని స్థాపించాడు.

రక్షణ సిద్ధాంతము

1832 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రంలో, జోసెఫ్, అతని సహచరుడు సిడ్నీ రిగ్డన్ తమకు పరలోక దర్శనం కలిగినదని తెలిపారు. దాని ప్రకారం క్రీస్తు వలన మానవులందరికీ పునరుత్థానము లభిస్తుంది. ఆపై అత్యధికులు సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాల కాంతితో పోల్చబడిన మూడు మహిమలలో ఏదో ఒకదానిని పొందుతారు. శాశ్వతంగా వెలివేయబడేవారు బహు కొద్దిమంది. అత్యున్నత మహిమకు విశ్వాసము, పశ్చాత్తాపము, బాప్తిస్మము, పరిశుద్ధాత్మ వరము అవసరం. అందులోనూ అగ్రస్థానానికి దేవాలయంలో జరిగే శాశ్వత వివాహం కావాలని తరువాత బోధించాడు.

1836 జనవరిలో అత్యున్నత మహిమలో అల్విన్‌ను చూశానని జోసెఫ్ చెప్పాడు. అయితే బాప్తిస్మము తప్పనిసరి అయినప్పుడు అది ఎలా సాధ్యం? దీనికి సమాధానం 1840 ఆగస్టులో ఇల్లినాయి రాష్ట్రంలోని నావూలో ఒక అంత్యక్రియల ప్రసంగంలో వెలువడింది. బ్రతికి ఉన్నవారు మృతుల పక్షాన బాప్తిస్మము పొందవచ్చునని, దానిని అంగీకరించడం మృతుని ఆత్మ ఇష్టమేనని ఈ బోధ సారాంశం. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ఒక వాక్యం దీనికి ఆధారం. మొదట్లో ఈ కార్యాలు మిసిసిపీ నదిలో జరిగేవి. అల్విన్ పక్షాన అతని తమ్ముడు హైరం బాప్తిస్మము పొందాడు.

మరణము

1838లో మిస్సోరీ గవర్నరు ఉత్తర్వుతో మోర్మన్లు ఆ రాష్ట్రం నుండి వెళ్ళగొట్టబడ్డారు. తరువాత నావూలో జోసెఫ్ నగర మేయరు అయ్యాడు. అక్కడ రహస్యంగా బహుభార్యత్వాన్ని ఆచరించాడు. దానిని బయటపెట్టిన పత్రిక ముద్రణాలయాన్ని 1844 జూన్‌లో నగరపాలక మండలి ఆదేశంపై ధ్వంసం చేశారు. ఈ సందర్భంగా కార్తేజి జైలులో ఉన్న జోసెఫ్‌ను, హైరంను జూన్ 27న సాయుధ మూక కాల్చి చంపింది.

తరువాతి ప్రభావము

అనుచరులలో అధికులు బ్రిగం యంగ్ నాయకత్వంలో 1847లో యూటా ప్రాంతానికి చేరారు. మృతుల పక్షాన బాప్తిస్మము పొందాలంటే వారి పేర్లు తెలియాలి. అందువలన 1894లో వంశావళి సంఘం ఏర్పడి, క్రమంగా ప్రపంచంలోనే అతిపెద్ద వంశావళి సేకరణలలో ఒకటిగా ఎదిగింది. ఈ ఆచారంపై విమర్శలూ వచ్చాయి. నాజీల చేతిలో మరణించిన యూదుల పేర్లను వాడటంపై అభ్యంతరం రాగా, 1995లో సంఘం యూదు సంస్థలతో ఒప్పందం చేసుకున్నది. మోర్మన్ బాప్తిస్మము చెల్లదని 2001లో వాటికన్ ప్రకటించింది. భారతదేశంలో ఈ సంఘపు తొలి స్టేక్ (కొన్ని స్థానిక సంఘాల సముదాయం) 2012లో హైదరాబాదులో ఏర్పడింది.