అధ్యక్షుడి కొడుకు పార పట్టాడు



పదో తరగతి పరీక్షలు అయ్యీ అవగానే మన ఇళ్లలో మొదలయ్యే చర్చ మీకు తెలిసిందే. ఎంపీసీయా, బైపీసీయా? ఇంజనీరింగ్ అయితే ఏ బ్రాంచి? ఆ తర్వాత పై చదువా, ఉద్యోగమా? ఈ నెల మీకు పరిచయం చేస్తున్న వ్యక్తి వందేళ్ల క్రితమే ఆ మెట్లన్నీ ఎక్కినవారు. తండ్రి దేశాధ్యక్షుడిగా పనిచేశారు. తాను ఇంజనీరింగ్ చదివి, డాక్టరేట్ కూడా అందుకున్నారు. అయినా లోకం ఆయనను గుర్తుపెట్టుకున్నది చేతిలో పార ఉన్న మనిషిగానే. ఆయన పేరు పియర్ సెరెజోల్. దేశం స్విట్జర్లాండ్.

అన్నీ ఉన్న ఇల్లు

పియర్ 1879 ఆగస్టు 17న లొసాన్ నగరంలో పుట్టారు. తండ్రి పాల్ సెరెజోల్ న్యాయవాది. దేశ మంత్రిమండలిలో సభ్యుడిగా ఉండి, 1873లో స్విట్జర్లాండ్ అధ్యక్షుడయ్యారు. సైన్యంలోనూ ఉన్నత హోదాలో పనిచేశారు. అంటే దేశానికి సేవ చేయడం, యూనిఫాం వేసుకోవడం ఆ ఇంట్లో వేర్వేరు మాటలు కావు. పియర్ సోదరుల్లో ఒకరైన ఎర్నెస్ట్ కూడా సైన్యంలో చేరి కల్నల్ అయ్యారు.

పియర్‌కు లెక్కలు, భౌతికశాస్త్రం అంటే ఇష్టం. జ్యూరిక్‌లోని ప్రఖ్యాత సాంకేతిక విద్యాసంస్థలో ఇంజనీరింగ్ చదివారు. పై చదువుకు జర్మనీ వెళ్లారు. మంచి అధ్యాపకుడిగా స్థిరపడే దారి కళ్లెదుటే ఉంది. ఆయన మాత్రం ఓడ ఎక్కి అమెరికా వెళ్లారు, అక్కడి నుంచి హవాయి దీవులకు, ఆపై జపాన్‌కు. రకరకాల పనులు చేసి బతికారు. జపాన్‌లో ఒక స్విస్ కంపెనీ తరఫున ఇంజనీరుగా పనిచేశారు. 1914లో తిరిగి ఇంటికి చేరేసరికి యూరప్ అంతటా యుద్ధం అంటుకుంది.

చిన్న పన్ను, పెద్ద చిక్కు

ఇక్కడ స్విట్జర్లాండ్ పద్ధతి కొంచెం చెప్పుకోవాలి. మన దేశంలో సైన్యంలో చేరడం ఎవరి ఇష్టం వారిది. స్విట్జర్లాండ్‌లో అలా కాదు. ఆరోగ్యంగా ఉన్న ప్రతి యువకుడూ సైనిక శిక్షణ తీసుకోవాలి, ఆ తర్వాత కూడా పిలిచినప్పుడల్లా వెళ్లాలి. ఆరోగ్య కారణాల వల్ల చేరలేనివారు దానికి బదులు సైనిక పన్ను కట్టాలి. పియర్ ఈ రెండో కోవలోకి వచ్చారు. తుపాకీ పట్టమని ఆయనను ఎవరూ అడగలేదు. పన్ను కట్టేసి తన పని తాను చూసుకోవచ్చు.

ఆ రోజుల్లోనే ఆ ప్రాంతంలో ఒక యువ బడి పంతులు తన మతవిశ్వాసం ఒప్పుకోదంటూ సైనిక సేవ చేయనని చెప్పి జైలుకు వెళ్లాడు. ఆ వార్త పియర్‌ను నిలవనివ్వలేదు. పేద ఉపాధ్యాయుడు జైల్లో ఉంటే, అదే నమ్మకం ఉన్న తాను పన్ను చెల్లించి హాయిగా ఇంట్లో కూర్చోవడం ఆయనకు తప్పనిపించింది. పన్ను కట్టడం మానేశారు. దాంతో ఆయన కూడా జైలుకు వెళ్లాల్సి వచ్చింది. శిక్ష చిన్నదే, కానీ మాజీ అధ్యక్షుడి కొడుకు జైలుకు వెళ్లడం ఆ సమాజంలో చిన్న విషయం కాదు. తండ్రి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తిని కూడా తన కష్టార్జితం కాదని ప్రభుత్వానికే ఇచ్చేశారు.

ఆయనను తప్పుపట్టిన వారి వాదనను కూడా మనం వినాలి. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, ఆస్ట్రియా, ఇలా చుట్టూ ఉన్న పెద్ద దేశాలన్నీ కొట్టుకుంటున్నాయి. మధ్యలో చిన్న దేశం. ఇరుగుపొరుగు పిల్లలు మంచులో, చలిలో సరిహద్దు కాస్తున్నారు. వారి కాపలా నీడలో బతుకుతూ నేను రాను, డబ్బూ ఇవ్వను అంటే ఎలా? ఎవరికి వారు అలాగే అంటే దేశం ఏమవుతుంది? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేం. పియర్ కూడా తీసిపారేయలేదు. ఆ తర్వాత ఆయన చేసినదంతా ఈ ప్రశ్నకు వెతికిన జవాబే అనుకోవచ్చు. వద్దు అనడం ఎవరికైనా చేతనవుతుంది. తుపాకీ వద్దన్నవాడు దానికి బదులుగా అంతే కష్టమైన పని, అంతే క్రమశిక్షణతో, ఇంకా చెప్పాలంటే ఒక పాలు ఎక్కువే చేసి చూపించాలి. లేకపోతే అది త్యాగమో, తప్పించుకోవడమో చూసేవారికి ఎలా తెలుస్తుంది?

వెర్డన్ మట్టిలో

యుద్ధం ముగిసింది. 1919లో నెదర్లాండ్స్‌లోని బిల్తోవెన్ అనే ఊళ్లో, మొన్నటి దాకా శత్రువులుగా ఉన్న దేశాల నుంచి శాంతి కోరేవారు కొందరు కలిశారు. పియర్ ఆ బృందానికి కార్యదర్శి అయ్యారు. సమావేశాలు, తీర్మానాలు సరే, కూలిన ఇళ్ల మాటేమిటి అన్న ఆలోచన అక్కడ బలపడింది.

1920 నవంబరులో కొద్దిమంది స్వచ్ఛంద సేవకులు ఫ్రాన్స్‌లోని ఎన్ అనే పల్లెకు చేరారు. అది వెర్డన్ దగ్గర ఉంది. 1916లో దాదాపు పది నెలల పాటు ఫ్రెంచి, జర్మన్ సైన్యాలు తలపడి లక్షల మందిని పోగొట్టుకున్న చోటు అది. ఊరంతా శిథిలం. పొలాల నిండా ఫిరంగి గుండ్లు, కందకాలు, ముళ్లతీగలు. వచ్చిన వారిలో జర్మన్లు కూడా ఉన్నారు. తమ దేశ సైన్యం కూల్చిన ఊరిని తమ చేతులతో నిలబెట్టడానికి వచ్చారు. ఆ చలికాలమంతా శిథిలాలు తొలగించారు, దారులు బాగుచేశారు, పొలం చదును చేశారు, తలదాచుకోవడానికి చెక్క ఇళ్లు కట్టారు. కూలి లేదు. తిండి, పడుకోవడానికి చోటు, అంతే.

కథ ఇక్కడ సుఖాంతం కాలేదు. గాయం ఇంకా పచ్చిగానే ఉంది. జర్మన్లు తమ మధ్య ఉండడం అక్కడ చాలామందికి మింగుడుపడలేదు. వారిని పంపించేయాలన్న ఒత్తిడి వచ్చింది. పియర్ బృందం ఒప్పుకోలేదు. కొందరిని వెళ్లగొట్టి మిగతావారు ఉండిపోతే తాము వచ్చిన పనికే అర్థం లేదనుకుని, 1921 వసంతంలో అందరూ కలిసే వెనుదిరిగారు. మొదటి ప్రయత్నం అయిదు నెలలకే ఆగిపోయింది. అయినా దాన్నే ఈనాటి సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ సంస్థకు పుట్టుకగా లెక్కిస్తారు.

కల్నల్, ఖైదీ ఒకే జట్టు

తిరిగి వచ్చిన పియర్ ఊరుకోలేదు. మనస్సాక్షి ఒప్పుకోక సైన్యంలో చేరని యువకులకు జైలుకు బదులు పౌర సేవ చేసే అవకాశం ఇవ్వాలని మిత్రులతో కలిసి పార్లమెంటుకు వినతిపత్రం ఇచ్చారు. సుమారు 40,000 మంది సంతకాలు పెట్టారు. 1924లో పార్లమెంటు దాన్ని తోసిపుచ్చింది.

చట్టం రాకపోతే, పని చేసి చూపిద్దామనుకున్నారు. అదే ఏడాది ఆల్ప్స్ కొండల్లో మంచుచరియలు విరిగిపడి రాళ్లు, చెట్లు కమ్మేసిన ఓర్మోన్ లోయలో శిబిరం పెట్టారు. ఇక్కడే ఆ కుటుంబం గొప్పతనం కనిపిస్తుంది. శిబిరం నడపడానికి తోడు వచ్చినది ఎవరో కాదు, కల్నల్ ఎర్నెస్ట్. సైన్యం విషయంలో తమ్ముడో అన్నో తనతో ఏకీభవించాలని ఇద్దరూ పట్టుబట్టలేదు. వేకువనే లేవడం, పనివేళలు, జట్లుగా విడిపోవడం, పనిముట్ల లెక్క, ఇదంతా సైన్యంలో నేర్చుకున్న క్రమశిక్షణే. దానితోనే తుపాకీ లేని సేవ నడిచింది.

1927 సెప్టెంబరులో రైన్ నది కట్ట తెగి చిన్న దేశం లీచ్‌టెన్‌స్టైన్‌ను ముంచేసింది. పొలాలపై ఇసుక, కంకర మేట వేసింది. వరద తర్వాత ఇసుక మేటలు వేసిన పొలం ఎలా ఉంటుందో కృష్ణా, గోదావరి తీరాల రైతు కుటుంబాలకు వేరే చెప్పనక్కర్లేదు. 1928లో ఆ పొలాలను బాగుచేయడానికి 700 మందికి పైగా స్వచ్ఛంద సేవకులు వచ్చారు. విద్యార్థులు, టీచర్లు, కార్మికులు, గుమాస్తాలు పలు దేశాల నుంచి వచ్చి పలుగు, పార పట్టారు. మహిళలు వంట, బట్టల పని నడిపారు. భాష రానివాళ్లు సైగలతో పని కానిచ్చారు.

బిహార్‌లో మూడుసార్లు

ఈ కథ మన దేశం దాకా వచ్చింది. 1931 డిసెంబరులో గాంధీజీ లండన్ నుంచి తిరిగి వస్తూ, రచయిత రోమా రోలాను కలవడానికి స్విట్జర్లాండ్‌లో ఆగారు. అప్పుడే పియర్ ఆయనను కలిశారు. 1934 జనవరి 15న బిహార్‌లో భూకంపం వచ్చింది. నేల చీలి ఇసుక పైకి తన్నింది, పొలాలు పాడయ్యాయి, నీటి దారులు మారి ఊళ్లకు వరద భయం పట్టుకుంది. జైలు నుంచి విడుదలైన బాబూ రాజేంద్రప్రసాద్ సహాయ కార్యక్రమాలను భుజాన వేసుకున్నారు. స్విట్జర్లాండ్‌లో ఒక బడిలో పాఠాలు చెప్పుకుంటున్న పియర్‌కు అప్పటికి యాభై నాలుగేళ్లు. ఆయన బయలుదేరి వచ్చారు.

1934 నుంచి 1937 మధ్య మూడుసార్లు వచ్చారు. యూరప్ నుంచి కొందరు సహచరులు తోడయ్యారు. ముజఫర్‌పూర్ ప్రాంతంలో వరద ముప్పు ఉన్న పల్లెవాసుల కోసం మెరక నేల మీద కొత్త ఊరు కట్టడంలో గ్రామస్థులతో కలిసి మట్టి మోశారు. ఆ ఊరికి శాంతిపూర్ అని పేరు పెట్టారు. తెల్లదొర అంటే గుర్రం మీదో, కుర్చీలోనో కనిపించే రోజులవి. తెల్లవాడు తట్ట నెత్తిన పెట్టుకోవడం అక్కడివారికి వింతగా తోచి ఉంటుంది.

ఓడిపోయి గెలిచిన మాట

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. పియర్ మళ్లీ జైలు ముఖం చూశారు. అనుమతి లేకుండా సరిహద్దు దాటి నాజీల జర్మనీలోకి నడిచి వెళ్లారు, అక్కడి మనుషులతో మాట్లాడాలని. ఆ పని వల్ల ఏం ఒరిగిందని అడిగితే చెప్పడం కష్టమే. అక్కడ జైలు, తిరిగి వచ్చాక ఇక్కడా జైలు. ఆరోగ్యం దెబ్బతింది. యుద్ధం ముగిసిన కొద్ది నెలలకే, 1945 అక్టోబరు 23న, 66 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన కోరిన చట్టం అప్పటికి రాలేదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు స్విస్ యువకులు జైలుకు వెళుతూనే ఉన్నారు.

1992లో స్విస్ ప్రజలు ఓటు వేసి దారి తెరిచారు. 1996 అక్టోబరు 1 నుంచి పౌర సేవ చట్టం అమల్లోకి వచ్చింది. ఆయన పోయిన యాభై ఒక్క ఏళ్లకు. సైన్యం వద్దనుకున్న యువకుడు ఇప్పుడు ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో, అడవుల సంరక్షణలో, కొండ ప్రాంతపు పొలాల్లో పనిచేయవచ్చు. కానీ సైనిక సేవ కంటే ఒకటిన్నర రెట్ల కాలం చేయాలి. మొదట్లో దరఖాస్తు పెట్టిన వారి మనస్సాక్షి నిజమో కాదో ఇంటర్వ్యూలు చేసి తేల్చేవారు. 2009 నుంచి ఆ పరీక్ష ఎత్తేశారు. ఎక్కువ కాలం పనిచేయడానికి సిద్ధపడటమే చాలినంత రుజువు. పియర్ పారతో చెప్పిన మాట చివరికి చట్టంలో చేరింది.

మన పిల్లల సంగతి

మన దేశంలో ఇలాంటి నిర్బంధం లేదు. అందుకే మన పిల్లలకు ఈ ప్రశ్న ఎప్పుడూ ఎదురుకాదు. కానీ గాంధీజీ శతజయంతి ఏడాది 1969లో మొదలైన ఎన్ఎస్ఎస్ ఉంది. అందులో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సమాజం కోసం పనిచేయాలి. ఊళ్లో వారం రోజుల శిబిరం ఉంటుంది. సర్టిఫికెట్ వస్తుందనో, చదువు పాడవుతుందనో మనం దాన్ని రెండు రకాలుగా చూస్తాం. మట్టిలో ఎందుకురా, చదువుకో అని చెప్పని ఇల్లు మనలో ఎన్ని ఉంటాయి?

ఇంజనీరు అయిన కొడుకు పార పట్టుకుంటే మనకు ఎలా ఉంటుంది? సెరెజోల్ వారింట్లో ఆ ప్రశ్న నిజంగానే ఎదురైంది. ఒక సోదరుడు యూనిఫాంలోనే ఉండి, రెండో సోదరుడి శిబిరానికి వచ్చి నిలబడ్డాడు. ఈ కథ మీ పిల్లలకు చెప్పేటప్పుడు ఆ కల్నల్ గురించి కూడా చెప్పండి. తర్వాత ఒక ప్రశ్న అడగండి: నీకు నచ్చని పని వద్దంటావు సరే, దాని బదులు ఏం చేస్తావు? జవాబు వెంటనే రాకపోయినా పర్వాలేదు. పియర్ సెరెజోల్‌కు కూడా దానికి జవాబు దొరకడానికి ఓ యుద్ధకాలం పట్టింది.