ప్రెస్సులో పుట్టిన ఏసీ

మాకు బాగా తెలిసిన ఒక చాచాకి పాతబస్తీలోని ఛత్తా బజార్‌లో చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్ ఉంది. పెళ్లి కార్డులు వేస్తారు. నేను గ్యాడ్జెట్ల గురించి రాస్తుంటానని తెలిసి, వానలు మొదలయ్యే ముందు నాకో పని చెప్పారు. ప్రెస్సుకి ఒక విండో ఏసీ వెతికి పెట్టాలి.

ఇదేం పెద్ద పని అనుకున్నా. ఆయన కండిషన్లు విన్నాక అర్థమైంది. పాత అద్దె బిల్డింగు కాబట్టి గోడ పగలగొట్టకూడదు. ఇరుకు గల్లీలో ఔట్‌డోర్ యూనిట్ పెట్టే చోటు లేదు కాబట్టి స్ప్లిట్ కుదరదు. ఉన్న కిటికీలోనే పట్టాలి. కరెంటు పోయి వస్తే దానంతటదే ఆన్ కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా డ్రై మోడ్ ఉండాలి. చల్లగా లేకపోయినా పర్లేదు, గాలిలో తేమ తగ్గితే చాలట. గత వానాకాలంలో కాగితం తేమకి సాగి రంగులు వెంట్రుకవాసి పక్కకి జరిగాయి. ఒక పెళ్లి కార్డుల లాట్ మొత్తం మళ్లీ వేయాల్సి వచ్చింది. ఆ నష్టం ఆయన ఇంకా మర్చిపోలేదు.

సరిగ్గా ఇదే సమస్యతో 1902లో న్యూయార్క్‌లో ఒక ప్రెస్సు వాళ్లు ఇంజినీర్ల దగ్గరికి వెళ్లారు. దాన్ని పరిష్కరించినవాడి వయసు అప్పుడు 25 ఏళ్లు. ఉద్యోగంలో చేరి ఏడాదే అయింది. పేరు విల్లిస్ కారియర్.

కాలేజీకి ముందే కష్టాలు

కారియర్ 1876 నవంబరు 26న న్యూయార్క్ రాష్ట్రంలోని అంగోలా దగ్గర ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడు భిన్నాలు అస్సలు ఎక్కేవి కావు. వాళ్లమ్మ యాపిల్ పండ్లు తెప్పించి, సగాలుగా, పావులుగా కోసి చూపించిందట. పెద్ద లెక్కని చిన్న ముక్కలు చేసుకోవడం అక్కడే నేర్చుకున్నాడు. ఆ తల్లి అతని చిన్నతనంలోనే పోయింది.

హైస్కూల్ అయ్యేసరికి అమెరికాని ఆర్థికమాంద్యం చుట్టుకుంది. ఇంట్లో డబ్బుల్లేవు, కాలేజీ వాయిదా పడింది. కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పాడు. ఆ తర్వాత స్కాలర్‌షిప్ తెచ్చుకుని కార్నెల్ యూనివర్సిటీలో చేరాడు. ఖర్చుల కోసం పచ్చిక కోశాడు, ఇళ్లలో కొలిమిలు చూసుకున్నాడు, ఇంకో స్టూడెంట్‌తో కలిసి లాండ్రీ నడిపాడు. 1901లో డిగ్రీ చేతికొచ్చింది.

చదివింది ఎలక్ట్రికల్ వైపు. దొరికిన ఉద్యోగం మాత్రం ఫ్యాన్లు, హీటర్లు తయారుచేసే బఫెలో ఫోర్జ్ కంపెనీలో. జీతం వారానికి 10 డాలర్లు. కలప, కాఫీ గింజలు ఆరబెట్టే సిస్టమ్స్ మీద పని. ఇప్పటి భాషలో చెప్పాలంటే డ్రీమ్ జాబ్ కాదు. కానీ గాలిని వేడి చేస్తే తేమ ఏమవుతుందో చేతులతో తెలుసుకునే అవకాశం అక్కడే దొరికింది.

అడిగింది చల్లదనం కాదు

బ్రూక్లిన్‌లోని సాకెట్ అండ్ విల్‌హెల్మ్స్ ప్రెస్సు రంగుల పత్రికలు అచ్చేసేది. ఒక్కో రంగుకి ఒక్కోసారి చొప్పున కాగితం మెషీన్‌లోకి వెళ్లాలి. ఈ మధ్యలో గాలిలో తేమ మారితే కాగితం సాగుతుంది, లేదా ముడుచుకుంటుంది. రెండో రంగు మొదటి రంగు మీద కూర్చోదు. బఫెలో ఫోర్జ్ న్యూయార్క్ ఆఫీసులో అమ్మకాలు చూసే ఇర్విన్ లైల్ ద్వారా ఈ సమస్య కారియర్ టేబుల్ మీదికి వచ్చింది.

అతను ముందు అంకె పట్టుకున్నాడు. ఏడాది పొడవునా గదిలో సాపేక్ష ఆర్ద్రత 55 శాతం ఉండాలి. ఏ ఉష్ణోగ్రతలో గాలి ఎంత నీటిని మోయగలదో లెక్క తీసి, చల్లటి కాయిల్స్ మీదుగా గాలిని పంపే డిజైన్ గీశాడు. చల్లటి గ్లాసు బయట నీటి చుక్కలు పట్టినట్టు, కాయిల్ మీద తేమ నీరై కారిపోతుంది. ఆ డ్రాయింగుల మీద తేదీ 1902 జులై 17. ఆధునిక ఎయిర్ కండిషనింగ్ పుట్టినరోజుగా చెప్పుకునేది ఆ తేదీనే. మనుషుల చెమట కోసం కాదు, కాగితం కోసం!

అంతటితో ఆగలేదు. అదే ఏడాది చివర్లో పిట్స్‌బర్గ్ రైల్వే ప్లాట్‌ఫాం మీద పొగమంచులో నిలబడి ఉండగా ఒక ఆలోచన తట్టింది. పొగమంచులో గాలి నీటితో పూర్తిగా నిండి ఉంటుంది. అయినా చలి ఎక్కువ కాబట్టి అందులో ఉన్న నీరు తక్కువే. అంటే చల్లటి నీటి తుంపర గుండా గాలిని పంపి, ఆ నీటి ఉష్ణోగ్రతని మన చేతిలో పెట్టుకుంటే గాలిలో ఎంత తేమ మిగలాలో మనమే నిర్ణయించొచ్చు. నీళ్లు చల్లి గాలిని ఆరబెట్టడం అన్నమాట! దీనికి 1906 జనవరిలో పేటెంట్ వచ్చింది. 1911లో ఈ లెక్కలన్నిటినీ సూత్రాలుగా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ముందు పెట్టాడు. మెకానికల్ వాళ్లు ఎగ్జామ్ హాల్లో తిట్టుకునే సైక్రోమెట్రిక్ చార్ట్ వెనక ఉన్నది ఈ పనే.

కంపెనీ వద్దనుకుంటే...

మొదటి ప్రపంచయుద్ధం మొదలవగానే బఫెలో ఫోర్జ్ ఖర్చులు తగ్గించుకుంది. తయారీ చాలు, ఈ ఇంజినీరింగ్ విభాగం వద్దనుకుంది. కారియర్, లైల్, ఇంకో ఐదుగురు ఇంజినీర్లు కూడబెట్టుకున్నదంతా పోగేశారు. 30 వేల డాలర్లకు పైగా తేలింది. 1915లో సొంత కంపెనీ పెట్టారు. 1922లో పెద్ద భవనాలకి పనికొచ్చే సెంట్రిఫ్యూగల్ చిల్లర్ తెచ్చారు. 1925లో న్యూయార్క్ రివోలి థియేటర్ వేసవిలో చల్లబడ్డాక, ఏసీ అంటే జనానికి తెలిసింది.

మరి విండో ఏసీ? కిటికీ గట్టు మీద పెట్టే యూనిట్ 1930ల మొదట్లో షుల్ట్జ్, షెర్మన్ అనే ఇద్దరు రూపొందించారు. అప్పట్లో దాని ఖరీదు కొద్దిమందికే అందేది. 1947లో అమెరికాలో అమ్ముడైన గది ఏసీలు సుమారు 43 వేలు. అవి ఇంటింటికీ చేరే రోజులు మొదలవుతుండగా, 1950 అక్టోబరు 7న కారియర్ కన్నుమూశాడు.

మనకేంటి?

ఏసీ వెతికేటప్పుడు నేనూ ముందు టన్నులు, స్టార్లే చూశాను. చాచా సమస్యలో ఆ రెండూ లేవు. కావాల్సిన తేమ శాతం ఎంత అని ఆయన్ని అడగడానికి నాకు వారం పట్టింది. కారియర్ అక్కడే మొదలుపెట్టాడు. కోర్ ఇంజినీరింగ్‌లో జాబ్స్ లేవని బాధపడే ఫ్రెండ్స్ గమనించండి. ఫార్మా ప్లాంట్లు, డేటా సెంటర్లు, కోల్డ్ స్టోరేజీలు అన్నిటికీ గాలి లెక్క తెలిసినవాళ్లు కావాలి. చల్లటి నీళ్లు చల్లితే గాలి ఎలా ఆరుతుందో చార్ట్ మీద గీసి చూపించగలిగితే ఇంటర్వ్యూలో మీ మాటకి బరువొస్తుంది.

చివరికి కోఠిలో ఒక షాపు గోడౌన్‌లో పాత స్టాక్ ఏసీ దొరికింది. డ్రై మోడ్ ఉంది, ఆటో రీస్టార్ట్ ఉంది. వెడల్పే కాస్త ఎక్కువైతే కార్పెంటర్ కిటికీ చట్రం మార్చాడు. అయితే దాని డ్రై మోడ్‌లో తేమని ఫలానా శాతం దగ్గర ఆపమని సెట్ చేసే వీలు లేదు. అందుకే గోడకి ఒక చిన్న హైగ్రోమీటర్ కూడా తగిలించాం. మొదటి రోజు 70 దాటి చూపించింది. ఇప్పుడు 60కి అటూ ఇటూగా ఉంటోంది. కారియర్ 55 దగ్గరికి ఇంకా చేరలేదు. చాచా మాత్రం పొద్దున్నే మెషీన్ ఆన్ చేసేముందు ఆ ముల్లు చూసి, అంకెని ఆ రోజు ఆర్డర్ కాగితం మీద రాసుకుంటున్నారు.